మంచు మైదానం నుంచి కొమగాట మారు దాకా: సైక్లోన్ టేలర్

1904లో కెనడాలోని ఒంటారియో రాష్ట్రపు కుర్రాడు ఫ్రెడ్ టేలర్‌ను టొరంటో మార్ల్‌బరోస్ అనే ఐస్ హాకీ జట్టు పిలిచింది. అతను రానన్నాడు. ఫలితంగా ఒంటారియో హాకీ సంఘం ఒక సీజన్ పాటు అతన్ని ఆటకే దూరం చేసింది. డబ్బు తాకితే ఆట మైలపడుతుందని నమ్మే పెద్దల సంఘం అది. ఆటగాడికి చిల్లిగవ్వ ఇవ్వరు, ఎవరి తరఫున ఆడాలో మాత్రం తామే చెబుతారు.

దాంతో అతను 1906లో సరిహద్దు దాటి, అమెరికా మిషిగన్‌లోని రాగి గనుల పట్టణం హౌటన్ చేరాడు. ఆటగాళ్లకు బాహాటంగా జీతాలిచ్చిన తొలి హాకీ లీగ్ అక్కడిదే. మిగిలిన సీజన్‌కు అతనికి 400 డాలర్లు, ఖర్చులు అదనం. 1907లో ఆ లీగ్ మూతపడగానే కెనడా రాజధాని ఒట్టావా జట్టు తెలివైన ఎర వేసింది: సీజన్‌కు 500 డాలర్లతో పాటు వలసల శాఖలో నెలకు 35 డాలర్ల గుమాస్తా ఉద్యోగం. ఆట ఎన్నాళ్లుంటుందో తెలియని రోజుల్లో సర్కారు కొలువంటే మాటలా? అక్కడే అతనికి ‘సైక్లోన్’ అన్న పేరొచ్చింది, 1909లో ఐస్ హాకీలో అత్యున్నతమైన స్టాన్లీ కప్పూ దక్కింది.

ఆ మరుసటి సీజన్‌కు గనుల యజమాని ఓబ్రయన్ డబ్బుతో నడిచే రెన్‌ఫ్రూ అనే చిన్న ఊరి జట్టు, 12 ఆటలకు 5,250 డాలర్లిచ్చి అతన్ని ఎగరేసుకుపోయింది. జట్ల యజమానులు బెంబేలెత్తి, మరుసటి ఏడాది జట్టు మొత్తం జీతాలు 5,000 దాటకూడదని కట్టడి చేశారు. ఒక్క టేలర్ తీసుకున్నదానికంటే అది తక్కువ! రెన్‌ఫ్రూ జట్టు మూతపడ్డాక అతని హక్కులు మాంట్రియల్ వాండరర్స్‌కు వెళ్లాయి. వాళ్లకు ఆడనని భీష్మించి, 1912లో కెనడా పశ్చిమ తీరంలో పాట్రిక్ సోదరులు నడిపే వాంకూవర్ జట్టులో చేరాడు. 1915లో ఆ ఊరికి స్టాన్లీ కప్పు తెచ్చాడు.

వాంకూవర్‌లోనూ వలసల శాఖ కొలువు వదల్లేదు. 1914 మేలో 376 మంది ప్రయాణికులతో కొమగాట మారు ఓడ ఆ రేవుకు వచ్చినప్పుడు అందులోకి ముందుగా అడుగుపెట్టిన అధికారి టేలరే. ప్రయాణికుల్లో అత్యధికులు పంజాబీలు. స్వదేశం నుంచి ఎక్కడా ఆగకుండా వస్తేనే కెనడాలోకి ప్రవేశమన్న నిబంధన, భారతీయులను ఆపడానికే అల్లింది. దాన్ని రాసింది టేలర్ కాదు కానీ, అమలు చేసిన చేతుల్లో అతనివీ ఉన్నాయి. ఆ నిబంధన చూపి రెండు నెలలు నీళ్లలోనే నిలిపి, జులై 23న ఓడను వెనక్కి పంపారు. సెప్టెంబరులో కలకత్తా దగ్గర బజ్‌బజ్‌లో ఆ ప్రయాణికులపై పోలీసులు కాల్పులు జరిపారు.

టేలర్ తర్వాత బ్రిటిష్ కొలంబియా, యూకాన్ ప్రాంతాల వలసల కమిషనర్ అయ్యాడు. ఆ కొలువుకు 1946లో బ్రిటిష్ బిరుదు దక్కింది. ఆటకు దక్కిన గౌరవం, మేటి ఆటగాళ్లకిచ్చే హాకీ హాల్ ఆఫ్ ఫేమ్ స్థానం, 1947లో వచ్చింది.