రెండు రోజులకే పారేసే ప్లేటు

కిడ్నీ మార్పిడి చేయించుకున్న మనిషికి వారాల తరబడి జ్వరం, దగ్గు తగ్గట్లేదంటే హైదరాబాద్‌లో ముందు వినపడే మాట టీబీ. మన దగ్గర ఆ జబ్బు ఎక్కువ కాబట్టి ఆ అనుమానం సహజం. అచ్చం టీబీలాగే కనిపించే మరో బ్యాక్టీరియా ఉంది, నోకార్డియా. మట్టిలో బతుకుతుంది, దుమ్ముతో పాటు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. స్టిరాయిడ్లు, ఇమ్యూనిటీని తగ్గించే మందులు వాడేవాళ్లలో అక్కడ చీముగడ్డలు కట్టి, నెత్తురు ద్వారా మెదడుకూ పాకుతుంది.

దీన్ని 1888లో ఫ్రెంచ్ పశువైద్యుడు ఎడ్మండ్ నోకార్ జబ్బుపడిన పశువుల్లో కనిపెట్టాడు. రెండేళ్లకే ఎప్పింగర్ అనే వైద్యుడు మనిషి మెదడులోని చీముగడ్డలో చూశాడు. అవయవ మార్పిడులు, కీమోథెరపీ, హెచ్ఐవీ వచ్చాక దీని బారిన పడగలవాళ్లు పెరిగారు. మన దగ్గర 2013లో ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్ మొదలయ్యాక బ్రెయిన్‌డెడ్ దాతల అవయవాలు ఒక పద్ధతిలో అందుతున్నాయి. అవి పొందినవాళ్లు ఇమ్యూనిటీని తగ్గించే మందులు మానడానికి లేదు.

చిక్కంతా ల్యాబ్‌లోనే. టీబీ స్లైడుకు రంగు వేశాక 20–25 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో కడుగుతారు. ఆ ఘాటుకు నోకార్డియా చాలాసార్లు రంగు వదిలేస్తుంది. ఒక శాతం యాసిడ్‌తో కడిగితే పూసలు గుచ్చిన ఎర్రదారాల్లా, కొమ్మలు కొమ్మలుగా కనిపిస్తుంది. కల్చర్‌లోనూ, అంటే శాంపిల్‌లోని బ్యాక్టీరియాను పోషకాలున్న ప్లేటు మీద పెంచి చూడటంలోనూ, ఇదే గొడవ. మామూలు ప్లేట్లను సాధారణంగా రెండు రోజులు చూసి పారేస్తారు. ఇది పెరగడానికి కొన్ని రోజులు, ఒక్కోసారి రెండు మూడు వారాలు పడుతుంది. ఆగి చూస్తే సుద్దపొడి చల్లినట్టు తెల్లటి కాలనీలు (బ్యాక్టీరియా గుంపులు), తొలకరి తడిసిన మట్టి వాసన! బ్యాక్టీరియాను దాని ప్రోటీన్లను బట్టి గుర్తుపట్టే మాల్డి-టాఫ్ మెషీన్ నిమిషాల్లో పేరు చెప్పేస్తుంది, కానీ ముందు కాలనీ పెరగాలి కదా.

కంటి విషయంలో మన ఊరు ముందుంది. నల్లగుడ్డు మీద నోకార్డియా పుండ్ల గురించి ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి డాక్టర్లు ఏళ్లుగా పరిశోధన పత్రాలు రాస్తున్నారు. పుండును గీకి వెంటనే మైక్రోస్కోపు కింద పెట్టడం అక్కడ కలిసొచ్చే అలవాటు. ఊపిరితిత్తుల్లోంచి అంత తేలిగ్గా తీయలేం.

అందుకే శాంపిల్‌తో వెళ్లే చీటీ నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. 'జ్వరం, దగ్గు' అని వదిలేస్తే ల్యాబ్‌వాళ్లకు ఏం తెలుస్తుంది? 'కిడ్నీ మార్పిడి, స్టిరాయిడ్లు, నోకార్డియా అనుమానం' అని ఒక్క లైను ఉంటే ప్లేటు మూడు వారాలు ఇంక్యుబేటర్లో ఉంటుంది. పేరు తేలితే ప్రధానంగా వాడే మందు కోట్రైమాక్సజోల్, గల్లీ మెడికల్ షాపులో కూడా దొరికే పాత మాత్ర.