రోడ్డెక్కాలంటే ఎవరిని అడగాలి? హైదరాబాద్ ఊరేగింపుల అనుమతి వెనక కథ

హైదరాబాద్‌లో రోడ్డు వేసేదీ, ఊడ్చేదీ జీహెచ్‌ఎంసీ. అదే రోడ్డు మీద పదిమంది బ్యానర్ పట్టుకుని నడవాలంటే మాత్రం కార్పొరేషన్ మాట చెల్లదు. పోలీసు కమిషనర్ కాగితం కావాలి. ఎక్కడ మొదలుపెడతారు, ఏ దారిన వెళ్తారు, ఎక్కడ ముగిస్తారు, ఎంతమంది వస్తారు, మైకు ఉందా, బాధ్యులెవరు అన్నీ రాసి దరఖాస్తు పెట్టుకోవాలి. అది స్థానిక స్టేషన్‌కీ, ట్రాఫిక్ విభాగానికీ తిరుగుతుంది. జవాబు ఒక్కోసారి వారం ముందు వస్తుంది, ఒక్కోసారి ముందురోజు రాత్రి వస్తుంది.

2024 అక్టోబరు చివర్లో ఈ వ్యవహారం ఒక్కసారిగా అందరి నోళ్లలో పడింది. గ్రూప్-1 అభ్యర్థులు అశోక్‌నగర్‌లో రోడ్డెక్కారు. స్పెషల్ పోలీసు కానిస్టేబుళ్ల కుటుంబాలు కూడా ఆందోళనకు దిగాయి. ఆ నేపథ్యంలో అప్పటి కమిషనర్ సీవీ ఆనంద్ అక్టోబరు 27 నుంచి నవంబరు 28 దాకా నగరంలో ఐదుగురు, అంతకంటే ఎక్కువమంది గుమిగూడకూడదని ఉత్తర్వు ఇచ్చారు. ఊరేగింపులు, ధర్నాలు, ర్యాలీలు బంద్. ఇందిరా పార్కు ధర్నా చౌక్‌లో శాంతియుతంగా కూర్చుంటే మాత్రం అభ్యంతరం లేదు. దీపావళి ముందు నెల రోజుల నిషేధమేమిటని జనం గోల చేస్తే, పండక్కీ దీనికీ సంబంధం లేదని పోలీసులు వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది.

ఆ ఉత్తర్వు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 163వ సెక్షన్ కింద వచ్చింది. 2024 జులై 1 దాకా దాని పేరు 144 సెక్షన్. కమిషనరేట్ లేని చోట్ల 144 పెట్టాలని పోలీసులు అనుకుంటే, వేరే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లాలి. హైదరాబాద్ లాంటి కమిషనరేట్లలో ఆ మేజిస్ట్రేట్ అధికారం కమిషనర్ చేతిలోనే ఉంటుంది. గొడవ జరిగేలా ఉందని అనుకునేదీ ఆయనే, కాబట్టి నిషేధించాలని తీర్పు చెప్పేదీ ఆయనే. మధ్యలో ఇంకో మనిషి లేడు. నన్నడిగితే అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఇది ఎక్కడినుంచి వచ్చిందో చూడాలంటే నిజాం కాలానికి వెళ్లాలి.

ఈ ఊరికి జులూస్ కొత్త కాదు. కుతుబ్‌షాహీల నాటి నుంచి మొహర్రంలో అలంలు, అంటే పీర్ల జెండాలు, వీధుల్లోకి వస్తూనే ఉన్నాయి. వాటిలో లంగర్ ఊరేగింపు ఒక వింత. హయాత్ బక్షీ బేగం కొడుకు అబ్దుల్లా కుతుబ్‌షా ఎక్కిన ఏనుగు బెదిరి పారిపోయిందనీ, బిడ్డ క్షేమంగా తిరిగొస్తే హుస్సేనీ ఆలంకు బంగారు గొలుసు సమర్పిస్తానని తల్లి మొక్కుకుందనీ కథ. ఆ మొక్కు చిలవలు పలవలై అసఫ్‌జాహీల కాలానికి నిజాం సైన్యమంతా, అరబ్బులు, రోహిల్లాలు, సిక్కులు అందరూ ఆయుధాలతో నగరంలో కవాతు చేసే తంతు అయింది. ఏడో నిజాం కాలంలో అది ఆగిపోయింది. రాజు చేయించిన ఊరేగింపుకు అనుమతి ప్రశ్నే లేదు కదా. జనం సొంతంగా పోగయినప్పుడే అసలు ప్రశ్న వచ్చింది.

అది 1920లలో మొదలైంది. ఖిలాఫత్ వేడి హైదరాబాద్‌ను తాకాక, 1921లో కౌన్సిల్ అనుమతి లేకుండా రాజకీయ సభలు పెట్టొద్దని ఫర్మానా వచ్చింది. 1929లో గస్తీ నిషాన్ 53, అంటే 53వ నంబరు సర్క్యులర్, వచ్చింది. తెలంగాణ చరిత్ర చదివినవాళ్లకు ఈ నంబరు బాగా గుర్తుంటుంది. గ్రంథాలయ వార్షికోత్సవం పెట్టుకోవాలన్నా సభ ఎక్కడ, ఎందుకు, ఎవరు మాట్లాడతారు అని ముందే రాసిచ్చి అనుమతి తెచ్చుకోవాల్సిన పరిస్థితి. 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభ మొదలైనప్పటి నుంచి ఈ గస్తీని ఎత్తేయాలన్న డిమాండ్ ఆ సభల్లో పదే పదే వచ్చింది. పంటల ధరలు, తెలుగు చదువు అడగాలన్నా ముందు సభ పెట్టుకునే హక్కు అడగాలి మరి.

అప్పుడు నగర పోలీసు పెద్దను కొత్వాల్ అనేవారు. 1920 నుంచి 1934 దాకా ఆ కుర్చీలో ఉన్నది రాజబహదూర్ వెంకటరామారెడ్డి, ఆ పదవిలో కూర్చున్న తొలి హిందువు. హాస్టళ్లు, బడులు పెట్టించిన పెద్దమనిషిగా ఆయన పేరు ఇవాళ్టికీ నిలిచింది. అయినా కొత్వాల్ అంటే శాంతిభద్రతలొక్కటే కాదు, ఊరి వీధుల మీద ప్రభువు కన్ను, చెయ్యి అన్నట్టే ఉండేది. తర్వాత వచ్చిన చట్టం ఆ పద్ధతిని కాగితం మీద పెట్టింది.

హైదరాబాద్ నగర పోలీసు చట్టం, 1348 ఫస్లీ. మన లెక్కలో 1938-39. ఆ తేదీ చూడండి. 1938 చివర్లో స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహం, పక్కనే ఆర్యసమాజ్ సత్యాగ్రహం, ఉస్మానియాలో వందేమాతరం పాడిన విద్యార్థుల బహిష్కరణ, అన్నీ ఆ ఏడాదిలోనే. ఊరేగింపులనూ, జనం పోగవడాన్నీ అదుపు చేసే అధికారం ఈ చట్టం పోలీసు కమిషనర్‌కు ఇచ్చింది. పదేళ్లకు నిజాం పాలన పోయింది. ఫస్లీ క్యాలెండర్ పోయింది. చట్టం మాత్రం ఉంది. 1956లో ఆంధ్రప్రదేశ్ దాన్ని తీసుకుంది, 2014లో తెలంగాణ తీసుకుంది. దాంట్లోని 22వ సెక్షన్ పేరు ఈనాటికీ కమిషనర్ ఉత్తర్వుల్లో కనిపిస్తుంది. పక్కనున్న సైబరాబాద్‌కు 2004లో వేరే చట్టం చేశారు. ఆంధ్ర జిల్లాల్లో వినిపించే ‘సెక్షన్ 30’ ఇంకా పాతది, 1861 నాటి పోలీసు చట్టంలోది.

రాజ్యాంగం వచ్చాక ఆయుధాలు లేకుండా, శాంతియుతంగా గుమిగూడే హక్కు 19వ అధికరణలోకి చేరింది. దాని మీద సమంజసమైన ఆంక్షలు పెట్టొచ్చని కూడా అక్కడే ఉంది. ఏది సమంజసం అన్నదాని మీద కోర్టులు చాలానే చెప్పాయి. మసీదు దగ్గర మాతం (మొహర్రంలో గుండెలు బాదుకుంటూ సంతాపం తెలపడం) విషయంలో ఉత్తరాదిలో నడిచిన మంజూర్ హసన్ కేసులో, బ్రిటిష్ పాలనలో ఆఖరి అప్పీలు కోర్టయిన ప్రివీ కౌన్సిల్ 1920లలోనే ఒక మాట తేల్చింది: మిగతా జనం రాకపోకలకు అడ్డు రాకుండా, మేజిస్ట్రేట్ ఆదేశాలకు లోబడి బహిరంగ రహదారిలో మతపరమైన ఊరేగింపు తీసే హక్కు ఉంది. 1961లో బాబూలాల్ పరాటే కేసులో సుప్రీంకోర్టు 144ను సమర్థించింది. ఈ విషయంలో గట్టి తీర్పు మాత్రం 1972 నాటి హిమ్మత్‌లాల్ షా కేసు. అహ్మదాబాద్‌లో బహిరంగ సభకు కమిషనర్ ఒప్పుకోలేదు. రోడ్డు మీద సభలను క్రమబద్ధం చేయొచ్చు గానీ, ఏ కారణంతో ఇవ్వాలో ఏ కారణంతో కాదనాలో చెప్పకుండా అధికారి ఇష్టానికి వదిలేసే నియమం చెల్లదని రాజ్యాంగ ధర్మాసనం కొట్టేసింది.

ఆ తీర్పుకు యాభై ఏళ్లు దాటాయి. హైదరాబాద్‌లో అనుమతి ఇప్పటికీ చాలావరకు మామూలు మీద నడుస్తుంది. మామూలు అంటే ఇక్కడ డబ్బు కాదు లెండి, ఆనవాయితీ.

పాతబస్తీలో ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. బీబీ కా అలం దబీర్‌పురాలో బయల్దేరి చాదర్‌ఘాట్ వైపు వెళ్తుంది. ఏ మలుపులో ఎంతసేపు ఆగాలో స్టేషన్ రికార్డు చూడకుండానే చెప్పే పెద్దవాళ్లు ఆ దారిలో ఉన్నారు. బోనాల్లో అక్కన్న మాదన్న గుడి ఘటం నయాపూల్ వైపు కదులుతుంది. హనుమాన్ జయంతికి గౌలిగూడ రామమందిరం నుంచి తాడ్‌బండ్ దాకా, శ్రీరామనవమికి సీతారాంబాగ్ నుంచి సుల్తాన్‌బజార్ హనుమాన్ వ్యాయామశాల దాకా యాత్రలు నడుస్తాయి. వీటికి దరఖాస్తు ఒక లాంఛనం. ఇవ్వాలా వద్దా అన్న మాట రాదు. బందోబస్తు ఎంత, ట్రాఫిక్ ఎటు మళ్లించాలి అన్నదే మాట.

కానీ ఈ మామూళ్లన్నీ పాతవేం కావు. ఖైరతాబాద్‌లో వినాయకుడిని పెట్టడం 1954లో మొదలైంది. నగరం నలుమూలల విగ్రహాలను ఒకే రోజు, ఒకే దారిలో హుస్సేన్‌సాగర్‌కు తీసుకెళ్లే సామూహిక నిమజ్జనం భాగ్యనగర్ గణేశ్ ఉత్సవ సమితి వచ్చాక, 1980 నుంచి రూపు కట్టింది. బాలాపూర్ నుంచి చాంద్రాయణగుట్ట, ఫలక్‌నుమా, శాలిబండ, చార్మినార్, అఫ్జల్‌గంజ్, ఎంజే మార్కెట్, బషీర్‌బాగ్ మీదుగా ట్యాంక్‌బండ్. చార్మినార్ ముందు నుంచి వెళ్లే ఈ దారే 1980లంతా టెన్షన్‌కు మూలం. 1984 సెప్టెంబరు అల్లర్లు పాతబస్తీ ఇంకా మరిచిపోలేదు. ఇప్పుడు మనం చూసే మెషినరీ, అంటే నెల ముందు సమన్వయ సమావేశాలు, శాంతి కమిటీలు, రౌడీషీటర్ల బైండోవర్లు, ప్రార్థనా మందిరాల ముందు ఆగొద్దన్న షరతు, కేంద్ర బలగాల కవాతు, ఆ దశాబ్దపు దెబ్బల నుంచి పుట్టిందే. చట్టంలో ఇవేవీ అక్షరం అక్షరంగా లేవు.

ఈ పద్ధతికి మంచి వైపు కూడా ఉంది. 2023లో నిమజ్జనం, ప్రవక్త జన్మదినమైన మిలాద్-ఉన్-నబీ ఒకే రోజు, సెప్టెంబరు 28న పడ్డాయి. మిలాద్ జులూస్‌ను ముస్లిం సంస్థలే మాట్లాడుకుని అక్టోబరు 1కి జరుపుకున్నాయి. 2024లో కూడా సెప్టెంబరు 19వ తేదీకి మార్చుకున్నాయి. ఏ సెక్షన్ కింద నోటీసులిచ్చినా ఇంత సాఫీగా జరిగేది కాదు. అదే 2024లో, పండగలు అయ్యాక, ఊరేగింపుల్లో డీజేలను కమిషనర్ నిషేధించారు. రెండు మతాల పెద్దలతో, పార్టీలతో కూర్చుని మాట్లాడాకే ఆ ఉత్తర్వు వచ్చింది. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా మైకులు వద్దన్న నియమం 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో ఎప్పటి నుంచో ఉన్నదే. అమలు చేయాలంటే మాత్రం మామూలు మారాల్సి వచ్చింది.

మరి ఏ మామూలూ లేనివాళ్ల సంగతి? విద్యార్థులు, ఉద్యోగులు, రైతులు, ప్రతిపక్షాలు. వాళ్ల కథ వేరేగా నడిచింది.

1952 సెప్టెంబరులో, ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలన్న ముల్కీ ఆందోళనలో సిటీ కాలేజీ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు. జస్టిస్ పింగళి జగన్మోహన్‌రెడ్డి విచారణ జరిపారు. 1969 తెలంగాణ ఉద్యమంలో మళ్లీ కాల్పులు, గన్‌పార్క్ స్తూపం అప్పుడు చనిపోయినవాళ్ల గుర్తే. 2000 ఆగస్టు 28న కరెంటు చార్జీల పెంపు మీద వామపక్షాలు పిలిచిన చలో అసెంబ్లీ బషీర్‌బాగ్‌లో కాల్పులతో ముగిసింది. 2011 మార్చి 10న ప్రత్యేక తెలంగాణ కోసం పిలిచిన మిలియన్ మార్చ్‌కు అనుమతి లేదు. జనం సందుల్లోంచి ట్యాంక్‌బండ్ ఎక్కారు, విగ్రహాలు కూలాయి. మరుసటి ఏడాది సెప్టెంబరు 30న అదే డిమాండ్‌తో హుస్సేన్‌సాగర్ దగ్గర జరిగిన సాగరహారానికి ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. అనుమతి ఇచ్చినా ఉద్రిక్తత లేకపోలేదు. కానీ ఇస్తే కొంపలు మునుగుతాయన్న వాదన బలం తగ్గింది.

అలా రోడ్డెక్కి వచ్చిన ఉద్యమం నుంచి పుట్టిన ప్రభుత్వమే 2017లో ఇందిరా పార్కు ధర్నా చౌక్‌ను ఎత్తేసింది. చుట్టుపక్కల కాలనీలకు, వాకర్లకు ఇబ్బంది అన్నారు. బదులుగా జవహర్‌నగర్, గండిమైసమ్మ, ప్రతాపసింగారం, శంషాబాద్ చూపించారు. ప్రతాపసింగారంలో ధర్నా చేస్తే వినేదెవరు, చెట్లా? ఆ ఏడాది మే 15న చలో ధర్నా చౌక్ రోజు తోపులాట జరిగింది. చౌక్ వద్దంటూ ప్లకార్డులు పట్టుకున్న ‘స్థానికుల్లో’ మఫ్టీ పోలీసులు ఉన్నారని ఫొటోలతో సహా బయటపడి పరువు పోయింది. 2018 నవంబరులో హైకోర్టు తాత్కాలిక ఉత్తర్వులతో చౌక్ మళ్లీ తెరుచుకుంది. 2021 నవంబరు 18న వడ్ల కొనుగోలు మీద కేంద్రానికి వ్యతిరేకంగా అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ కూర్చున్నది సరిగ్గా అక్కడే. ఆ ఏడాదే మరో విడ్డూరం: ఆదివారం సాయంత్రాలు ట్యాంక్‌బండ్ మీద వాహనాలు ఆపేసి ‘సండే ఫండే’ పెట్టారు. అంటే ట్రాఫిక్ ఆగితే నగరం ఆగిపోదని ప్రభుత్వానికీ తెలుసు.

ఇప్పుడు లోకంలో నడుస్తున్న పద్ధతి ఏమిటంటే, పోలీసులు కాదంటారు, నిర్వాహకులు హైకోర్టుకు పరిగెత్తి లంచ్ మోషన్ (అదే రోజు అత్యవసరంగా వినమనే పిటిషన్) వేస్తారు, జడ్జి షరతులతో ఓకే అంటారు. ఇంతమందే, ఇన్ని గంటలే, ఈ దారినే, రెచ్చగొట్టే మాటలు వద్దు. అసలు నియమావళి పోలీసు ఆఫీసులో కంటే కోర్టు ఉత్తర్వుల్లోనే తయారవుతోంది. 2020 జనవరి 4న పౌరసత్వ సవరణ చట్టానికి వ్యతిరేకంగా ధర్నా చౌక్ సభకు వెయ్యిమందికి అనుమతి ఉంటే, వచ్చిన జనం ఎన్నో రెట్లు. కేసులు నిర్వాహకుల మీద పడ్డాయి. ఎంతమంది వస్తారో ముందే చెప్పమనడం, ఒకరు ఎక్కువైతే పిలిచినవాడి మెడకు చుట్టడం ఎంతవరకు న్యాయమన్నది ఇంకా తేలని విషయం. ఇక 2023 జనవరి 25న అదే హైకోర్టు గణతంత్ర దినోత్సవ పరేడ్ జరపాల్సిందేనని రాష్ట్ర ప్రభుత్వాన్నే ఆదేశించాల్సి వచ్చింది. ఈ ఊళ్లో పరేడ్ కోసం కోర్టుకెక్కడం మామూలే, కాకపోతే ఆసారి వద్దన్నది సర్కారు, కావాలన్నది పౌరుడు.

పక్క రాష్ట్రంలో 2022 డిసెంబరు 28న కందుకూరు తొక్కిసలాటలో 8 మంది చనిపోయాక రోడ్ల మీద సభలను దాదాపు ఆపేస్తూ జీవో నంబరు 1 వచ్చింది. 2023 మేలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాన్ని కొట్టేసింది. జనం ప్రాణాల మీద భయం నిజమే, అయినా మొత్తం తలుపు మూసే అధికారం సెక్షన్ 30 ఇవ్వదన్నారు. హైదరాబాద్ విషయంలో 1348 ఫస్లీ చట్టానికి ఆ స్థాయి పరీక్ష పెడితే ఏమవుతుందో చూడాలి. కనీసం రెండు సంగతులు కాగితం మీదికి రావాలి: దరఖాస్తు అందాక ఎన్ని రోజుల్లో జవాబు ఇవ్వాలి, కాదంటే కారణం రాతపూర్వకంగా ఎప్పుడు చేతికివ్వాలి. ముందురోజు రాత్రి పది గంటలకు వాట్సాప్‌లో వచ్చే ‘అనుమతి లేదు’ మీద తెల్లారేలోగా రిట్ వేయగలిగేది లాయర్లున్న పార్టీలే. బస్తీ సంఘానికి, పారిశుధ్య కార్మికుల యూనియన్‌కు ఆ స్తోమత లేదు.