బోర్ల లోతు పెరిగితే ఊరు ఎదిగినట్టేనా? అపోహలు - వాస్తవాలు

మెట్ట గ్రామాల్లో రైతులతో కూర్చుని భూగర్భజలాల లెక్కలు వేయడం నా పని. అంతులేని వృద్ధి మీద ఆధారపడని ఆర్థిక వ్యవస్థ అనగానే చాలామంది అది మేధావుల చర్చ అనుకుంటారు. మాకు మాత్రం అది ప్రతి రబీకి ముందు ఎదురయ్యే ప్రశ్న: ఈ ఏడాది భూమిలోకి ఇంకింది ఎంత, దాంతో ఎన్ని కుటుంబాలు బతకాలి?

అపోహ: డబ్బు చేతులు మారుతోందంటే ఊరు బాగుపడుతున్నట్టే.

వాస్తవం: బోరు ఎండితే రైతు మరో బోరు వేయిస్తాడు. రిగ్గు బాడుగ, కేసింగ్ పైపులు, కొత్త మోటారు, వేసవిలో ట్యాంకర్ నీళ్ళు... ఈ ఖర్చు స్థూల దేశీయోత్పత్తిని పెంచేదే. పొలం కింద ఖాళీ అయిన నీటిని మాత్రం అందులోంచి తీసివేయరు. జాతీయాదాయ లెక్కలకు రూపమిచ్చిన సైమన్ కుజ్నెట్స్ 1934లోనే అమెరికా కాంగ్రెస్‌కు ఇచ్చిన నివేదికలో హెచ్చరించారు, ఆదాయాన్ని కొలిచి ఒక దేశ సంక్షేమాన్ని తేల్చలేమని.

అపోహ: ఇంకా లోతుకు వెళితే నీళ్ళు పడతాయి.

వాస్తవం: అనంతపురం ప్రాంతంలో చాలాచోట్ల కింద ఉన్నది గట్టి రాయి. పైనున్న శిథిల పొర, అంటే రాయి చివికిపోయిన పొర, నీటిని పట్టి ఉంచుతుంది. దాని కింద నీరుండేది పగుళ్ళలోనే, లోతుకు పోయేకొద్దీ ఆ పగుళ్ళూ తగ్గిపోతాయి. అక్కడ ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. ఇలాంటి నేలలో అందులో పదో వంతు ఇంకుతుందనుకుంటే, ఎకరానికి 2.2 లక్షల లీటర్లు. ఎకరం వరికి 1,200 మిల్లీమీటర్ల నీరు పెడితే అది 48 లక్షల లీటర్లకు పైమాటే. అంటే ఒక్క ఎకరం వరి ఇరవై ఎకరాల్లో ఇంకిన నీటిని తాగుతుంది. మడిలోంచి మళ్ళీ ఇంకేదాన్ని మినహాయించినా పది ఎకరాలకు తగ్గదు. ఈ లెక్క రైతుల ముందు వేసినప్పుడు నేను వేరే ఉపన్యాసం ఇవ్వాల్సిన అవసరం రాదు. ఆ పది ఎకరాలు ఎవరివో వాళ్ళకు పేర్లతో సహా తెలుసు.

అపోహ: డ్రిప్ పెడితే సమస్య తీరినట్టే.

వాస్తవం: డ్రిప్ మంచి పరికరం, పెట్టుకోమనే చెబుతాను. అయితే మిగిలిన నీటితో ఇంకో రెండెకరాలు సాగులోకి తెస్తే బోరు నడిచే గంటలు తగ్గవు. బొగ్గును పొదుపుగా వాడే ఆవిరి యంత్రాలు వచ్చాక మొత్తం బొగ్గు వాడకం పెరిగిందని ఆంగ్ల ఆర్థికవేత్త జెవన్స్ 1865లోనే గమనించాడు. మొత్తం తోడే నీటికి ముందే హద్దు పెట్టుకుంటేనే పొదుపు పొదుపుగా మిగులుతుంది.

అపోహ: హద్దులు పెడితే పేదవాడు పేదగానే ఉండిపోతాడు.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా బాధపెట్టే మాట ఇది. హద్దు లేని పోటీలో మొదట ఎండేది చిన్న రైతు బోరే, ఎందుకంటే మళ్ళీ లోతుకు వేయించే స్తోమత అతనికి ఉండదు. మహారాష్ట్రలోని హివ్రే బజార్‌ను చూడండి. అక్కడ సాగుకు బోర్లు వేయకూడదని, చెరకు, అరటి పెట్టకూడదని గ్రామమే నిర్ణయించుకుంది. ఏటా వానను కొలిచి, తాగునీటిని, పశువుల నీటిని ముందు పక్కన పెట్టి, మిగిలినదాన్ని బట్టి పంటలు ఎంచుకుంటుంది. పాడి పెరిగింది, వలసపోయిన కుటుంబాలు తిరిగొచ్చాయి. తోడే నీటికే అక్కడ కట్టడి, బతుకు మెరుగుపడటానికి కాదు.

అపోహ: చట్టం గట్టిగా ఉంటే తప్ప రైతులు వినరు.

వాస్తవం: ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు వాల్టా చట్టం వచ్చింది, బోర్ల పోటీ ఆగలేదు. ఆ తర్వాత ఏడు కరువు జిల్లాల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో రైతులే భూగర్భజలాలను నిర్వహించుకునే పథకం నడిచింది. వాన, బోర్లలో నీటి మట్టం రైతులే కొలిచారు, రబీకి ముందు నీటి బడ్జెట్ తామే వేసుకున్నారు. జరిమానాలు లేవు, ఫలానా పంట వేయవద్దన్న నిషేధమూ లేదు. అయినా చాలాచోట్ల వరి తగ్గించి ఆరుతడి పంటలకు మారారు.

ఒక ఇబ్బంది మాత్రం నిజంగా ఉంది. భూమిలోని నీటికి సర్వే నంబర్లు, పంచాయతీ హద్దులు పట్టవు. ఎగువ ఊరు మిగిల్చింది దిగువ ఊరి బోరులోకి పోవచ్చు. అందుకే ఆ పథకంలో లెక్కను ఒక ఊరికి కాక, ఒకే వాగు పరీవాహకంలో ఉన్న ఊళ్ళన్నిటికీ కలిపి వేశారు. మీ ఊళ్ళో మొదలుపెట్టాలనుకుంటే, ముందు ఆ వాగు వెంబడి ఉన్న పక్క ఊళ్ళ రైతులను పిలవండి.