గోల్ఫ్ ఐరన్‌లన్నీ ఒకే పొడవుంటే: అపోహలు, వాస్తవాలు

వారంలో ఐదు రోజులు హైదరాబాద్‌లో గోల్ఫ్ నేర్పుతాను. ఆదివారం జడ్చర్ల దగ్గర మా చేనులో, వేరుశనగ పీకేశాక, నెట్ కట్టి మా పాలమూరు పిల్లలతో కొట్టిస్తాను. రెండు చోట్లా ఈమధ్య ఒకటే ప్రశ్న: "సార్, సింగిల్ లెంగ్త్ ఐరన్‌లు కొనమంటారా?" ఐరన్ అంటే లోహపు తల ఉన్న గోల్ఫ్ క్లబ్. మామూలు సెట్‌లో నంబర్ పెరిగేకొద్దీ ఐరన్ పొట్టిదవుతుంది. సింగిల్ లెంగ్త్ సెట్‌లో అన్నీ దాదాపు 7 ఐరన్ అంత పొడవే.

అపోహ: పొడవు ఒకటే అయితే బంతి కూడా ఒకే దూరం పోతుంది.

పోదు. దూరాన్ని ఎక్కువగా తేల్చేది లాఫ్ట్, అంటే క్లబ్ ముఖం వెనక్కి వాలిన కోణం. అది ఈ సెట్‌లోనూ ఐరన్ ఐరన్‌కీ మారుతుంది.

అపోహ: పాత సెట్‌నే కోయించి సమానం చేసుకోవచ్చు.

ఒకాయన నిజంగానే కోయించుకొచ్చాడు. 5 ఐరన్ చేతిలో పుల్లలా ఆడుతోంది. మామూలు సెట్‌లో ఒక్కో ఐరన్‌కీ అర అంగుళం పొడవు తగ్గుతూ, తల బరువు సుమారు 7 గ్రాములు పెరుగుతూ వస్తుంది. కర్ర కోస్తే పొడవు తగ్గింది సరే, తలకు బరువెక్కడిది? ఒకే పొడవు సెట్‌లో తలల బరువు, షాఫ్ట్ (క్లబ్ కర్ర) నేలతో చేసే కోణం కూడా ఒకేలా ఉండేట్టు ముందే తయారు చేస్తారు. మట్టిపని చేసిన మనిషికి ఇది చెప్పక్కర్లేదు. పార బరువుకు కర్ర కుదరకపోతే సాయంత్రానికి నడుమే చెబుతుంది.

అపోహ: ఇది అమెరికా గోల్ఫర్ బ్రైసన్ డిషాంబో తెచ్చిన ఫ్యాషన్.

1980ల చివర్లోనే టామీ ఆర్మర్ కంపెనీ ఈక్యూఎల్ పేరుతో ఇలాంటి సెట్ అమ్మింది, నిలవలేదు. డిషాంబో 37.5 అంగుళాల ఐరన్‌లతో 2020, 2024 యూఎస్ ఓపెన్‌లు గెలిచాక మళ్లీ అందరి కళ్లూ వీటిమీద పడ్డాయి. ఆ గెలుపంతా ఐరన్‌లదే అనుకోవద్దు, డ్రైవర్‌తో, అంటే అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్‌తో, ఆయన కొట్టే దూరం మామూలుది కాదు. పెద్ద టోర్నీల్లో దాదాపు అందరూ ఇప్పటికీ మామూలు సెట్‌లే వాడుతున్నారు.

మరి లాభం ఎవరికి? మహబూబ్‌నగర్ నుంచి వంద కిలోమీటర్లు వెళ్లి నెలకు రెండుసార్లు ఆడేవాళ్లకి. ఏ ఐరన్ పట్టినా బంతికి అంతే దూరంలో నిలబడతారు, అంతే వంగుతారు, బంతినీ అక్కడే పెడతారు. నెట్‌లో 7 ఐరన్‌తో వంద బంతులు కొడితే మిగతావాటికీ సాధన అయినట్టే. స్వింగ్ తప్పుగా ఉంటే మాత్రం ఆ తప్పే అన్నిటికీ అలవాటవుతుంది, అది వేరే సంగతి.

చిక్కు రెండు కొసల్లో ఉంది. 4, 5 ఐరన్‌ల షాఫ్ట్ పొట్టిది కావడంతో వేగం తగ్గి, చాలామందికి బంతి కిందగా పోతుంది, రెండింటి దూరానికీ పెద్ద తేడా ఉండదు. నేనైతే అక్కడ హైబ్రిడ్, అంటే బంతిని తేలిగ్గా పైకి లేపే క్లబ్, పెట్టమంటాను. వెడ్జ్‌లేమో (దగ్గరి దెబ్బలకు వాడే, లాఫ్ట్ ఎక్కువున్న క్లబ్‌లు) మామూలుకన్నా పొడవు, గ్రీన్ (గుంత ఉండే నున్నటి గడ్డి) పక్కన చిన్న చిప్, అంటే పొట్టి దెబ్బ, కొట్టేటప్పుడు చేతికి అడ్డం వస్తున్నట్టుంటుంది. పాత వెడ్జ్‌లు అమ్మేయకండి.

షాపులో ట్రయల్‌కు 7 ఐరనే చేతికిస్తారు. అది మీ పాత 7 లాగే ఉంటుంది కాబట్టి బాగానే తగులుతుంది. 5 ఐరన్, పిచింగ్ వెడ్జ్ అడిగి తీసుకుని, ఒక్కోదానితో ఇరవై బంతులు కొట్టాకే డబ్బు తీయండి.