పిల్లలకు ఏమీ తెలియదనుకోవడమే అన్నిటికంటే ఖరీదైన అపోహ

గృహహింస ఉన్న ఇళ్లవారు మా దగ్గరికి హింస గురించి చెప్పుకోవడానికి రావడం అరుదు. పిల్లవాడికి కడుపునొప్పి తగ్గడం లేదనో, మానిన పక్కతడుపు మళ్లీ మొదలైందనో, బడికి పోనని ఏడుస్తున్నాడనో వస్తారు. ఇంట్లో గొడవలున్నాయా అని అడిగితే, "మా గొడవలు పిల్లోనికేం తెలుస్తాయి మేడం, వాడు అప్పటికే నిద్రపోయింటాడు" అంటారు. అనంతపురంలో సైకాలజిస్టుగా నేను తరచుగా వినే మాట ఇదే, అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నదీ ఇదే.

పిల్లలకు తెలుస్తుంది. మాటలు రాని పసిబిడ్డలు కూడా ఇంట్లో అరుపులకు ఉలిక్కిపడతారు, నిద్ర చెడి, పాలు సరిగా తాగరు. కొంచెం పెద్ద పిల్లల్లో, ప్రమాదం ఎప్పుడు వస్తుందోనని శరీరం నిరంతరం కాచుకుని ఉండటం వల్ల నిద్ర, ఆకలి, ఏకాగ్రత దెబ్బతింటాయి. స్కానింగులో ఏమీ కనబడనంత మాత్రాన ఆ కడుపునొప్పి నటన కాదు, నొప్పి నిజమే. అమెరికాలో తొమ్మిది వేల మందికి పైగా పెద్దలపై జరిగి 1998లో వెలువడిన ఒక ప్రసిద్ధ అధ్యయనం, తల్లిపై జరిగే హింసను చూస్తూ పెరగడాన్ని కూడా బాల్యపు గాయాల్లో ఒకటిగా లెక్కించి, అలాంటి గాయాలు ఎన్ని ఎక్కువైతే పెద్దయ్యాక కుంగుబాటు, వ్యసనాలు, గుండెజబ్బులు అంత ఎక్కువగా కనిపిస్తున్నాయని చూపింది.

గుర్తుపట్టే వివరాలు మార్చి ఒక పిల్లవాడి సంగతి చెబుతాను. కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చిన ఆ బాబుకు పరీక్షలన్నీ అయ్యాయి, గాలి సోకిందని తాయెత్తు కూడా కట్టించారు. నాన్న బైకుకు స్టాండు వేసే చప్పుడును బట్టి ఆ రాత్రి ఎలా ఉండబోతుందో తనకు తెలిసిపోతుందని వాడు నాతో చెప్పాడు. ప్రతి సాయంత్రం కత్తిపీటను వేరుశనగ మూటల వెనక దాచేది తానేనని కూడా చెప్పాడు. దాన్ని తానే ఎక్కడో పెట్టి మరచిపోతున్నానని అనుకుంటున్న ఆ తల్లి ఆ మాట విని చాలాసేపు మాట్లాడలేకపోయింది. ఆమెను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. పుట్టింటివారు సర్దుకోమంటుంటే, చేతిలో డబ్బు లేని మనిషి బిడ్డల కోసమే ఓర్చుకుంటున్నానని నమ్మడంలో ఆశ్చర్యం లేదు.

"అయితే వెంటనే ఇల్లు విడిచి వచ్చేయాలా?" అని కొందరు భయంగా అడుగుతారు. విడిపోవడానికి సిద్ధపడే సమయంలోనే హింస ముదిరే ప్రమాదం ఉంది కాబట్టి, ఎక్కడికి వెళ్లాలో, ఏ కాగితాలు దగ్గర ఉంచుకోవాలో, ఎవరికి ముందే చెప్పాలో ఆలోచించుకుని కదలాలి. దంపతులిద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి పెద్దమనుషులు చేసే పంచాయితీ మాత్రం వద్దని నేను గట్టిగా చెబుతాను, ఎందుకంటే అక్కడ ఆమె నోరు విప్పిన ప్రతి మాటకూ ఇంటికి వెళ్లాక దెబ్బలు పడవచ్చు.

ఇక మిగిలిన అపోహలు. కొడితేనే హింస అనడం తప్పు: 2006 అక్టోబరు 26 నుంచి అమలులో ఉన్న 2005 నాటి గృహహింస చట్టం తిట్లను, అవమానాలను, లైంగిక వేధింపును, డబ్బు అందకుండా చేయడాన్ని కూడా హింసగానే గుర్తిస్తుంది. ఫిర్యాదు చేస్తే భర్తను వెంటనే జైల్లో వేస్తారన్న పుకారును ఎంత ఖండించినా ఆగడం లేదు. ఆ చట్టం కింద మేజిస్ట్రేటు ముందుగా ఇచ్చేవి రక్షణ, నివాసం, భరణం వంటి ఉత్తర్వులు, శిక్ష మాట వచ్చేది రక్షణ ఉత్తర్వును ఉల్లంఘించినప్పుడు. తాగుడు మానితే అంతా చక్కబడుతుందన్నదీ పూర్తి నిజం కాదు, తాగని ఇళ్లలోనూ హింస ఉంది. తండ్రిని చూసిన కొడుకు అలాగే తయారవుతాడన్నది తలరాత కాదు. ముప్పు పెరిగే మాట వాస్తవమే గాని, నమ్మకంగా అంటిపెట్టుకుని ఉండే పెద్దమనిషి ఒక్కరున్నా, అవ్వ కావచ్చు, మేనమామ కావచ్చు, టీచరు కావచ్చు, చాలామంది పిల్లలు కోలుకుంటారు.

గొడవ తన ఫీజు వల్లనో తన అల్లరి వల్లనో వచ్చిందని పిల్లలు లోలోపల నమ్ముతుంటారు కనుక, "ఇందులో నీ తప్పు లేదు" అని వారికి పదేపదే చెప్పండి. మహిళలకు 181, పిల్లలకు 1098, మానసిక సహాయానికి టెలి మానస్ 14416 నంబర్లు ఉన్నాయి. ఫోన్ చేసినట్టు ఇంట్లో తెలిస్తే ముప్పు అనుకునేవారు పక్కింటివారి ఫోన్ నుంచి చేయవచ్చు. మా దగ్గరికి రావాలనుకునేవారు బిడ్డ కడుపునొప్పి చూపించుకోవడానికి వెళ్తున్నామని చెప్పి రండి.