ఎంపీసీ నుంచి బీటెక్ దాకా: ఇంజినీరింగ్ మోజు వెనుక ఏడు దశాబ్దాలు

తెలుగు రాష్ట్రాల్లో ఇంజినీరింగ్ చదవాలన్న నిర్ణయం చాలా ఇళ్లలో పదో తరగతి ఫలితాలు వచ్చిన వేసవిలోనే, ఎంపీసీయా బైపీసీయా అన్న ప్రశ్నతో పాటే తేలిపోతుంది. పదిహేనేళ్ల వయసులో యంత్రాల మీద ఉండే ఆసక్తి కంటే, ఇంట్లోవారి దృష్టిలో ఆ కాలానికి నికరమైన ఉద్యోగం ఏదన్నదే అక్కడ ఎక్కువగా పనిచేస్తుంది.

స్వాతంత్ర్యానికి ముందు మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు విద్యార్థులకు మద్రాసులోని గిండీ ఇంజినీరింగ్ కళాశాల, నిజాం రాజ్యంలోని వారికి 1929లో మొదలైన ఉస్మానియా ఇంజినీరింగ్ కళాశాల ఆధారం. ఆంధ్ర ప్రాంతపు కాకినాడ, అనంతపురం కళాశాలల చరిత్ర 1946తో మొదలవుతుంది. వరంగల్ ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాలకు నెహ్రూ 1959లో శంకుస్థాపన చేశారు. నాగార్జునసాగర్ కట్టే రోజుల్లో సివిల్ చదవడమంటే ప్రభుత్వ కొలువు, క్వార్టర్సు, పింఛను, వాటితో పాటు ఊళ్లో ‘ఇంజినీరు గారు’ అన్న మర్యాద. బీహెచ్‌ఈఎల్, ఈసీఐఎల్ వంటి ప్రభుత్వ రంగ సంస్థలు హైదరాబాద్‌కు వచ్చాక ఆ మర్యాద మెకానికల్, ఎలక్ట్రానిక్స్ బ్రాంచీలకూ దక్కింది.

కోరిక పెరిగినంతగా సీట్లు పెరగలేదు. వ్యవసాయంలో నాలుగు డబ్బులు మిగిలిన కోస్తా కుటుంబాలు పిల్లలను డొనేషన్ కట్టి కర్ణాటక కళాశాలలకు పంపాయి. 1977లో విజయవాడలో సిద్ధార్థ కళాశాలతో ఇక్కడా ప్రైవేటు శకం మొదలైంది. క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ 1983లో రాష్ట్రం చట్టం తెచ్చింది. కొద్దికాలానికే ఉమ్మడి ప్రవేశ పరీక్ష ఎంసెట్ వచ్చి, ఒక్క పరీక్ష, ఒక్క ర్యాంకు అన్న సులువైన కొలమానాన్ని ప్రతి ఇంటికీ చేర్చింది. ఆ ర్యాంకు చుట్టూ కోచింగ్ వ్యాపారం ఎంతగా అల్లుకుందో వేరే చెప్పనక్కరలేదు.

అసలు మలుపు 1990ల చివర వచ్చింది. 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలను తప్పుగా చదువుతాయన్న ‘వై2కే’ సమస్యను సరిచేయడానికి అమెరికా కంపెనీలకు ప్రోగ్రామర్లు అవసరమయ్యారు, అమీర్‌పేట శిక్షణ కేంద్రాలు కిటకిటలాడాయి, 1998లో హైదరాబాద్‌లో ఐటీ కంపెనీల కోసం కట్టిన సైబర్ టవర్స్ ప్రారంభమైంది, 2001 నుంచి మూడేళ్ల పాటు అమెరికాలో ఉద్యోగానికి ఇచ్చే హెచ్1బీ వీసాల వార్షిక పరిమితి 1,95,000కు పెరిగింది. అంతగా చర్చకు రాని కారణం మరొకటుంది: అమెరికాలో ఎంఎస్ చేరడానికి చాలా విశ్వవిద్యాలయాలు పదహారేళ్ల చదువును అడిగేవి. మూడేళ్ల బీఎస్సీతో పదిహేనేళ్లే అవుతాయి, నాలుగేళ్ల బీటెక్‌తో లెక్క సరిపోతుంది. భౌతికశాస్త్రాన్నో గణితాన్నో నిజంగా ఇష్టపడిన విద్యార్థి కూడా డిగ్రీ కళాశాలను వదిలి ఇంజినీరింగ్ వైపు నడవడానికి ఈ లెక్క చాలు. పక్కింటి అబ్బాయి డాలర్లు పంపి ఇల్లు కట్టించాక తల్లిదండ్రులను ఎవరూ ఒప్పించవలసిన పని లేకపోయింది. పెళ్లి సంబంధాల్లోనూ ఆ డిగ్రీకి వెల పెరిగింది. ఆ వెల చాలాసార్లు కట్నం రూపంలో పలికిందన్నది మనం తప్పించుకోలేని నిజం.

2008 ప్రాంతంలో విస్తరించిన బోధనా రుసుముల చెల్లింపు పథకం, అప్పటిదాకా ఫీజు చూసి వెనక్కి తగ్గిన బీసీ, పేద కుటుంబాలకు తలుపు తెరిచింది. మొదటి తరం చదువరులకు అది నిజమైన మేలు. అయితే ప్రభుత్వమే ఫీజు చెల్లిస్తుందన్న భరోసాతో కళాశాలలు కూడా పుట్టుకొచ్చి, ఉమ్మడి రాష్ట్రంలో వాటి సంఖ్య 700 దాటింది. ప్రయోగశాలలు, అధ్యాపకులు ఆ వేగాన్ని అందుకోలేకపోయారు. ఐటీ కంపెనీ సత్యం లెక్కల కుంభకోణం, ఆర్థిక మాంద్యం కలిసి వచ్చిన 2009లో కొంత భయం పుట్టినా, ఆ తరువాత కళాశాలలు మూతపడింది ప్రధానంగా సీట్లు నిండకపోవడం వల్లే.

ఇప్పుడు బీటెక్ అంటే దాదాపుగా కంప్యూటర్ సైన్సే. చాలా కళాశాలల్లో సివిల్, మెకానికల్ సీట్లు మిగిలిపోతున్నా, కృత్రిమ మేధ, డేటా సైన్స్ పేర్లతో కొత్త సెక్షన్లు తెరుచుకుంటున్నాయి. 2024-25 నుంచి మెరుగైన కళాశాలలకు బ్రాంచీల సీట్లపై గరిష్ఠ పరిమితిని సాంకేతిక విద్యను నియంత్రించే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ ఎత్తివేయడంతో ఆ సెక్షన్లు మరింత పెరగడానికి అడ్డు తొలగింది.