బార్ పెట్టాల్సింది మెడ మీద కాదు: స్క్వాట్‌పై అపోహలు - వాస్తవాలు

స్క్వాట్ అంటే బరువులెక్కించిన బార్‌ను మెడ కింద, వీపు పైభాగాన మోస్తూ కూర్చుని లేచే కసరత్తు. శ్రీకాకుళం, విజయనగరం జిమ్‌లలో చాలాచోట్ల ఆ బార్‌ను నిలిపే స్టాండు, అంటే స్క్వాట్ ర్యాక్ పక్కన ఒక ఫోమ్ ప్యాడో, చుట్టిపెట్టిన తువ్వాలో ఉంటుంది. కానిస్టేబుల్ సెలక్షన్లకు తయారవుతున్న కుర్రాడు "మెడ నొప్పెడుతోందన్నా" అంటే చాలు, అది చేతికిస్తారు. ఈ అలవాటు పోవాలి.

అపోహ: బార్ మెడ మీదే ఉంటుంది, నొప్పి మామూలే, ప్యాడ్ వేసుకుంటే చాలు.

వాస్తవం: మెడ ఎముక నొప్పెడుతోందంటే బార్ చోటు తప్పినట్టే. తల కొంచెం వంచి మెడ వెనక తడమండి. మెడ మొదట్లో ఒక ఎముక పొడుచుకొచ్చి తగులుతుంది. బార్ దాని కింద, ట్రాప్స్ అనే వీపు పైభాగపు కండ మీద కూర్చోవాలి. భుజాలు వదిలేసి నిలబడితే అక్కడ కండ పలచగా ఉంటుంది. వీపు మీది రెక్క ఎముకలు దగ్గరకు బిగించి, మోచేతులు కిందికి లాగితే గట్టిగా పొంగుతుంది. కావడి మోసేవాళ్లు బద్దను కండ మీద ఆనించుకుంటారు గానీ ఎముక మీద కాదు కదా! ప్యాడ్ వేస్తే బార్ మందమై ఇంకా పైకి జరుగుతుంది, దొర్లుతుంది. కింద కూర్చున్నప్పుడు బరువు మెడ వైపు వచ్చి మనిషిని ముందుకు తోస్తుంది.

ర్యాక్ కొక్కేలు రొమ్ము మధ్య ఎత్తులో ఉండాలి. మునివేళ్ల మీద లేచి బార్ తీయాల్సి వస్తే కొక్కేలు ఎక్కువ ఎత్తులో ఉన్నట్టే. బార్ మీది గీతలు చూసి రెండు చేతులూ సమదూరంలో పట్టుకోండి. తల దూర్చి, బార్‌ను మొదట మెడ వెనక ఆనించి, అక్కడి నుంచి కండ మీదికి దించండి. రెండు పాదాలూ బార్ కిందే ఉంచి, కాళ్లతో లేపి, రెండు మూడు చిన్న అడుగులు వెనక్కి వేయండి. మన ఉక్కపోతకు జారుడు జెర్సీ కంటే కాటన్ టీషర్టే నయం, బార్ కదలదు.

అపోహ: లో బార్ వేస్తే ఎక్కువ బరువు లేస్తుంది, అందరూ అదే వేయాలి.

వాస్తవం: పైన చెప్పినట్టు ట్రాప్స్ మీద పెట్టేది హై బార్. లో బార్‌లో బార్ అంతకంటే రెండు అంగుళాలు కిందికి, భుజం వెనక కండ మీదికి వస్తుంది. అప్పుడు తుంటి వెనక్కి వెళ్లాలి, ఛాతీ కొంత వంగాలి. అది తెలియక నిటారుగా ఉండబోతే బార్ జారుతుంది, బరువంతా చేతుల మీద పడి మణికట్టు, మోచేయి పట్టేస్తాయి. భుజాలు బిగుసుకున్నవాళ్లు హై బార్‌లోనే ఉండండి. పోటీల్లో బార్‌ను నేల మీంచి ఎత్తే స్నాచ్, క్లీన్‌లకు నిటారు ఒళ్లే కావాలి కాబట్టి వెయిట్‌లిఫ్టర్లు ఎక్కువగా చేసేది హై బార్, బార్‌ను భుజాల ముందు పెట్టుకునే ఫ్రంట్ స్క్వాట్‌లే. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు లిఫ్టులూ కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిది మన ఆమదాలవలస ప్రాంతమే. ఏ పద్ధతైనా బార్ పాదం మధ్యకు నేరుగా పైన ఉండాలి.

మోకాళ్లు కాలివేళ్లు దాటకూడదన్నదీ పుకారే. హై బార్‌లో దాటతాయి, మడమలు లేవకుంటే చాలు.

భయపడేవాళ్లు ఖాళీ బార్‌తో రెండు వారాలు చోటు కుదుర్చుకోండి. ఎవరూ నవ్వరు. కండ మీద కొద్దిపాటి ఒత్తిడి తగ్గిపోతుంది గానీ, చేతుల్లోకి తిమ్మిరి దిగితే మాత్రం బార్ ర్యాక్‌లో పెట్టేసి డాక్టర్‌కు చూపించుకోండి.